లేహ్‌లో రెండు షెడ్యూళ్లు: మేం వచ్చేశాక అక్కడేం మిగిలింది

2022 అక్టోబర్ మొదటి వారం. లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున తెల్లవారుజాము నాలుగున్నర. సూర్యోదయం షాట్ కోసం 68 మంది యూనిట్ స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని నిలబడి ఉంది. జెనరేటర్ స్టార్ట్ కావడం లేదు. ఢిల్లీ నుంచి దాంతో పాటు వచ్చిన ఆపరేటర్ సెల్ఫ్ కొట్టి కొట్టి ఉన్న బ్యాటరీ కూడా దించేశాడు. నా టెన్షన్ నాది, డైరెక్టర్ చూపులు నా వీపు మీద.

అప్పుడు నా టాక్సీ డ్రైవర్, పాతికేళ్ల లద్దాఖీ కుర్రాడు, మెల్లగా వచ్చి డీజిల్ ట్యాంకు మీద చెయ్యి వేసి చూశాడు. "సర్ లే, ఈ డీజిల్ కింద పోయించారా?" అన్నాడు. లే అంటే వాళ్ల భాషలో గారు. కింద అంటే లద్దాఖ్ బయట, తక్కువ ఎత్తున. అవును, మనాలీలో పోయించాం. "గడ్డకట్టింది. రాత్రే కిరోసిన్ కలపాల్సింది" అని, పక్క టెంట్ల నుంచి ఒక స్టవ్ తెచ్చి, జాగ్రత్తగా దూరం చూసుకుని ట్యాంకుకి వేడి తగిలేలా పెట్టాడు. ఏడున్నరకి జెనరేటర్ మోగింది. సూర్యుడు అప్పటికే ఎక్కేశాడు. ఆ రోజు సీన్ పోయింది.

మామూలు డీజిల్ ఆ చలికి మైనం కట్టేస్తుంది. అందుకే 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం ప్రత్యేకంగా మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. కానీ ఈ కేస్ స్టడీ రాయడానికి కారణం డీజిల్ కాదు. ఆ కుర్రాడు 19 రోజులు నా బండి నడిపాడు. ఢిల్లీలో మాస్ కమ్యూనికేషన్ చదివాడనీ, రెండు షార్ట్ ఫిల్మ్‌లు తీశాడనీ, వాటికి సౌండ్ తనే రికార్డ్ చేసుకున్నాడనీ 18వ రోజున తెలిసింది. అదీ నేను అడిగితే కాదు, వాడే చెబితే.

నేను షూటింగ్ ఏర్పాట్లు, ఖర్చులు చూసే లైన్ ప్రొడ్యూసర్‌ని. కృష్ణానగర్‌లో ప్రొడక్షన్ బాయ్‌గా మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు అవుతోంది. కింద రాసింది ఒక తెలుగు వెబ్ సిరీస్ కోసం లద్దాఖ్‌లో చేసిన రెండు షెడ్యూళ్ల కథ. మొదటిది 2022 సెప్టెంబర్-అక్టోబర్‌లో, రెండోది 2024 ఏప్రిల్‌లో. మొదటిదాంట్లో అక్కడ షూటింగ్ చేశాం. రెండోదాంట్లో అక్కడివాళ్లతో కలిసి షూటింగ్ చేశాం, లేదా చేయడానికి ప్రయత్నించాం. ఈ రెండింటికీ ఉన్న తేడా నా లెక్కల పుస్తకంలో బాగా కనిపిస్తుంది.

లొకేషన్ ఉంది, ఇండస్ట్రీ లేదు

లద్దాఖ్ సినిమాకి కొత్త కాదు. 1960ల నుంచే హిందీ యుద్ధ చిత్రాలు అక్కడ తీస్తున్నారు. 2009లో త్రీ ఇడియట్స్ క్లైమాక్స్ వచ్చాక పాంగాంగ్ పేరు దేశమంతా పాకిపోయింది. 2019 అక్టోబర్ 31న కేంద్రపాలిత ప్రాంతం అయ్యాక ప్రభుత్వం కూడా సినిమాని ఒక ఉపాధిగా చూడటం మొదలుపెట్టింది. 2021 సెప్టెంబర్‌లో లేహ్‌లో హిమాలయన్ ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టారు. షేర్షా సినిమా దర్శకుడు విష్ణువర్ధన్ దానికి వచ్చారు. మన పంజా తీసిన ఆయనే. దానికి నెల ముందు గాలి నింపి నిలబెట్టే ఒక మొబైల్ థియేటర్‌ని లేహ్‌లో 11,562 అడుగుల ఎత్తున వేశారు. థియేటర్‌ని లారీలో మోసుకొచ్చి చూపించాల్సిన ఊరు అది. ఆ ఒక్క ముక్క చాలు పరిస్థితి అర్థం కావడానికి.

అయితే అక్కడ తీసేవాళ్లు లేరనుకుంటే పొరపాటే. లద్దాఖీ భాషలో తీసిన వాకింగ్ విత్ ద విండ్‌కి 65వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ లద్దాఖీ చిత్రం అవార్డు వచ్చింది. గ్యా గ్రామానికి చెందిన స్టాన్‌జిన్ దోర్జాయ్ తన సొంత అక్క మీద, మంచుకొండల్లో ఒంటరిగా గొర్రెలు కాసే మనిషి మీద, ఒక ఫ్రెంచ్ దర్శకురాలితో కలిసి డాక్యుమెంటరీ తీస్తే అది 2016లో కెనడాలోని బాన్ఫ్ పర్వత చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రైజ్ గెలిచింది. కథ చెప్పేవాళ్లకి కొదవ లేదు. లేనిది ఏమిటంటే ఏడాది పొడుగునా పని. 2011 లెక్కల్లో లద్దాఖ్ జనాభా 2,74,289. మన దగ్గర ఒక మోస్తరు నగరానికి సరిపోతుంది అంతే. వాళ్ల టికెట్ల డబ్బుతో ఒక ఇండస్ట్రీ నిలబడదు. బయటినుంచి వచ్చే యూనిట్లే దిక్కు. బయటి యూనిట్లు వచ్చి ఏం చేస్తాయో మా మొదటి షెడ్యూల్ చూస్తే చాలు.

మొదటి షెడ్యూల్

హైదరాబాద్ నుంచి 64 మంది, ఢిల్లీ నుంచి జెనరేటర్, లైట్లతో నలుగురు. కెమెరా, లైట్లు, ట్రాక్, ఆఖరికి టార్పాలిన్లు కూడా రోడ్డు మీద మనాలీ వైపు నుంచి ఎక్కించాం. వంటవాళ్లని కూడా ఇక్కడినుంచే తీసుకెళ్లాం. లేహ్ ఎత్తున నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, అన్నం ఉడకదు. మా మేస్త్రీ మొదటిరోజు డేగిసాలో పెట్టిన బియ్యం గంటన్నరకి పైన పాయసం, లోపల పలుకు. మర్నాడు లేహ్ బజారంతా తిరిగి ఉన్న ప్రెషర్ కుక్కర్లన్నీ కొన్నాం.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. ఊపిరి పీల్చినప్పుడు లోపలికి వెళ్లే ఆక్సిజన్ ఇక్కడితో పోలిస్తే మూడింట రెండు వంతులే. దిగాక రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. నేను బడ్జెట్‌లో మూడు రోజులు రాస్తే ఆఫీసులో ఒకటి చేశారు. "యూనిట్ బేటా (రోజువారీ భత్యం) మూడు రోజులు ఊరికే ఇవ్వాలా?" అన్నది ప్రశ్న. రెండో రోజున కెమెరా ఫోకస్ సర్దే ఫోకస్ పుల్లర్‌కి వాంతులు, తూలిపోవడం మొదలైంది. రాత్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించి, పొద్దున్నే ఫ్లైట్‌లో కిందికి దింపేశాం. అతని బదులు ఇంకొకర్ని రప్పించడానికి, ఆ కొత్తవాడు మళ్లీ అలవాటు పడటానికి నాలుగు రోజులు పట్టింది. మిగుల్చుకున్న రెండు రోజుల బేటా కంటే అది చాలా ఎక్కువ.

స్థానికుల్ని మేం ఎక్కడ వాడాం? టాక్సీలు. లద్దాఖ్‌లో టాక్సీ యూనియన్ గట్టిది, బయటి నంబరు ప్లేట్ అద్దె బండ్లని లోపల తిరగనివ్వరు. మన వాళ్లు తిట్టుకున్నారు గానీ, నన్నడిగితే ఆ యూనియన్ లేకపోతే మేం ఆ డబ్బు కూడా అక్కడ ఖర్చుపెట్టేవాళ్లం కాదు. తర్వాత హోటల్ గదులు. తర్వాత జూనియర్ ఆర్టిస్టులు, అంటే లద్దాఖీ అంగీ గోంచా వేసుకుని వెనకాల నడిచే జనం. అనుమతులకి తిరగడానికి ఒక లోకల్ కోఆర్డినేటర్. నలభై ఏళ్ల మనిషి, నేను ఆయన్ని "అచో" అనేవాణ్ని. లద్దాఖీలో అన్న అని.

తిరిగొచ్చాక లెక్కలు సర్దుతుంటే ఒక కాగితం మీద విడిగా రాసి చూశాను. ఆ షెడ్యూల్ ఖర్చులో లద్దాఖ్ వాళ్ల చేతికి వెళ్లింది సుమారు పావు వంతు. అందులో దాదాపు అంతా బండ్లు, గదులు. సినిమా పనికి, అంటే కెమెరా, సౌండ్, ఆర్ట్, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ లాంటి ఏ క్రాఫ్ట్‌కైనా సరే, ఒక లద్దాఖీకి కూలి ఇచ్చిన పద్దు ఒక్కటి కూడా లేదు. సున్నా.

ఆ కాగితం చూస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. షూటింగ్‌లో మా సౌండ్ రికార్డిస్ట్ రోజూ మధ్యాహ్నం తలపట్టుకునేవాడు. గాలి. మైకుకి ఎన్ని బొచ్చు తొడుగులు వేసినా హోరు ఆగేది కాదు. సగం డైలాగులు హైదరాబాద్‌లో డబ్బింగ్ చెప్పించాం. వెళ్లే ముందురోజు నా డ్రైవర్ అన్నాడు: "ఇక్కడ పదకొండు దాటితే గాలి లేస్తుంది సర్ లే. మాటల సీన్లు పొద్దున పెట్టుకుని, నడిచే సీన్లు మధ్యాహ్నం పెట్టుకుంటే సరిపోయేది." ముందే చెప్పొచ్చు కదా అన్నాను. "నేను డ్రైవర్ని కదా" అన్నాడు. డబ్బింగ్‌కి మేం పెట్టిన డబ్బుతో వాణ్ని ఏడాది జీతానికి పెట్టుకోవచ్చు.

మధ్యలో ఒక ఫిబ్రవరి

సిరీస్ రెండో భాగానికి మళ్లీ లద్దాఖ్ అన్నారు. నేను మూడు షరతులు పెట్టాను. యూనిట్ సగానికి తగ్గాలి. సీజన్ కాని టైమ్‌లో వెళ్లాలి. షూటింగ్‌కి రెండు నెలల ముందు నన్నూ ఇంకో ఇద్దర్నీ పంపాలి. మొదటిది నిర్మాతకి వెంటనే నచ్చింది. రెండోది రైటర్‌కి నచ్చింది, ఆప్రికాట్ పూల కాలంలో కథ నడిస్తే బాగుంటుందని. మూడోదానికి నెల పట్టింది.

2024 ఫిబ్రవరిలో లేహ్ చేరాం, నేనూ, మా సౌండ్ రికార్డిస్టూ, ఒక కో-డైరెక్టరూ. చలికాలంలో లేహ్ వేరే ఊరు. పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి చాలా హోటళ్లు మూసేస్తారు. ఒక ఇంట్లో దిగాం. ఆ ఇంటి ఆమా-లే వంటింటి పొయ్యి చుట్టూనే రోజంతా గడిచేది. సీజన్‌లో ఊపిరి సలపనివ్వని ఆ ఊరికి నవంబర్ నుంచి మార్చి దాకా పని ఉండదు. గైడ్లు, డ్రైవర్లు, హోటల్ కుర్రాళ్లు అందరూ ఖాళీ. ఏదైనా నేర్పాలంటే అదే అదను.

అచో చుట్టుపక్కల కబురు పెడితే మొదటిరోజు 31 మంది వచ్చారు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, యూట్యూబ్‌లో లద్దాఖీ పాటలు పెట్టేవాళ్లు, లేహ్ ఆకాశవాణిలో నాటకాలు చెప్పిన ఒక పెద్దాయన, ట్రెక్కింగ్ గైడ్లు, నా పాత డ్రైవర్. ఆరు రోజులు కూర్చున్నాం. కెమెరా ఎలా పట్టుకోవాలో మేం నేర్పలేదు, అది వాళ్లకి వచ్చు. వాళ్లకి రానిది సెట్ అనే యంత్రం ఎలా తిరుగుతుందో. కాల్‌షీట్ (ఆ రోజు పని పట్టిక) ఎలా చదవాలి, క్లాప్ మీద నంబరు ఎందుకు, సౌండ్ రిపోర్ట్ ఎలా రాయాలి, కార్డు ఖాళీ చేసేముందు డేటా రెండు చోట్ల ఉందో లేదో ఎవరు చూడాలి, కంటిన్యుటీ, అంటే షాట్ షాట్‌కీ బట్టలు, వస్తువులు మారకుండా చూడటం, ఎలా. రేడియో పెద్దాయన కంటిన్యుటీ గురించి విని నవ్వాడు: "మా రేడియోలో మనిషి చొక్కా మారినా ఎవరికీ తెలియదు." ఆయన్ని డైలాగ్ కోచ్‌గా పెట్టుకున్నాం. మా హీరోయిన్‌కి లద్దాఖీ ముక్కలు నేర్పింది ఆయనే.

చివరికి 22 మందిని తీసుకున్నాం. హైదరాబాద్ నుంచి వచ్చింది 31. కూలి విషయంలో నేను ఒక్కటే పట్టుబట్టాను: అసిస్టెంట్‌కి హైదరాబాద్‌లో ఏ రేటో అక్కడా అదే రేటు. మన ఆఫీసులో దీని మీద పెద్ద గొడవ. "లోకల్ వాళ్లకి అంత ఎందుకు, అక్కడ చవగ్గా వస్తారు కదా" అని. చవగ్గా వస్తే మాత్రం వాళ్లు జూన్‌లో టాక్సీకి వెళ్లిపోతారు. సీజన్‌లో బండి మీద వచ్చే డబ్బుతో పోటీ పడకపోతే సినిమా వాళ్లకి సరదా అవుతుంది గానీ వృత్తి కాదు.

ఇటు మన క్రాఫ్ట్ యూనియన్ల వాళ్లకి కూడా అభ్యంతరం ఉంది. ఔట్‌డోర్‌లో స్థానికుల్ని పెట్టుకుంటే మన సభ్యుల పని పోతుందని. వాళ్ల బాధ అబద్ధం కాదు. 2025 ఆగస్టులో వేతనాల మీద సమ్మె జరిగి షూటింగులు ఆగిపోయినప్పుడు ఆ మాట ఎంత సున్నితమో ఇంకోసారి తెలిసింది. మేం ఎవర్నీ తీసెయ్యలేదు, పనిని లద్దాఖ్‌కీ హైదరాబాద్‌కీ పంచాం. ఇక్కడ సెట్‌లో మిగిలినవాళ్లు పని చేశారు. అన్ని ప్రాజెక్టుల్లో అలా కుదరదు, ఒప్పుకుంటాను.

కాలువ

లేహ్‌కి పడమర షామ్ ప్రాంతంలో ఒక ఊళ్లో మాకు ఆప్రికాట్ తోట దొరికింది. ఊరి పెద్దని గోబా అంటారు. ఆయనతో అచో ముందే మాట్లాడి, తోట యజమానులకి డబ్బు కట్టి, కాగితం రాయించాడు. అంతా సక్రమం. మూడో రోజు పొద్దున పూల కింద హీరోయిన్ నడిచే షాట్. కెమెరా ట్రాలీకి నలభై అడుగుల ట్రాక్ వేశాం. ట్రాక్ ఒక చిన్న కాలువ మీదుగా వెళ్తోంది. పైన పలకలు పరిచి, పలకలు కదలకుండా కాలువలో రెండు ఇసుక బస్తాలు వేశారు ట్రాక్ పని చూసే మన గ్రిప్ వాళ్లు.

తొమ్మిదింటికి ఒక ముసలాయన పార భుజాన వేసుకుని వచ్చాడు. ఏమీ అరవలేదు. వచ్చి ఆ బస్తా మీద కూర్చున్నాడు. లేవడు. మా అసోసియేట్ డైరెక్టర్ హిందీలో బతిమాలాడు, తర్వాత కసిరాడు. ఆయన నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అచో పరిగెత్తుకొచ్చి టోపీ తీసి ఆయన ముందు వంగాక అర్థమైంది. ఆయన ఆ ఏడాదికి చురపోన్. ఏ పొలానికి ఏ రోజు ఎంతసేపు నీళ్లు పారాలో నిర్ణయించేది ఆయనే. హిమనదం కరిగిన నీళ్లే వాళ్లకి ఆధారం, వాన చాలా తక్కువ. విత్తనం వేసే ముందు పొలం తడిపే రోజులవి. మా బస్తాల వల్ల నీళ్లు పక్కకి మళ్లి వేరే పొలంలోకి పోతున్నాయి. తన వంతు పోయిన మనిషి పైన ఎదురుచూస్తున్నాడు.

ట్రాక్ తీసేశాం. నాలుగు గంటలు పోయాయి. ఆ వంతు పోయిన రైతుకి పరిహారం ఇవ్వబోతే చురపోన్ ఒప్పుకోలేదు. డబ్బుతో వంతు కొనడం అలవాటైతే రేపు ఊరు ఊరుగా ఉండదన్నాడు. చివరికి ఆ సాయంత్రం మా కుర్రాళ్లు ఆరుగురు పారలు పట్టి, కాలువ పూడిక తీశారు. అది ఆయన ఒప్పుకున్న పరిహారం.

అసలు విషయం రాత్రి తెలిసింది. మా లొకేషన్ అసిస్టెంట్లలో ఇద్దరు ఆ పక్క ఊరివాళ్లే. బస్తాలు వేస్తున్నప్పుడే వాళ్లకి తెలుసు ఏం జరగబోతోందో. ఎందుకు చెప్పలేదంటే ఒకడు నేల చూశాడు. రెండోవాడు అన్నాడు: "అసోసియేట్ సర్‌కి చెప్పాం. షాట్ టైమ్‌లో అడ్డం రావద్దన్నారు."

అంటే 22 మందిని పెట్టుకున్నాం, హైదరాబాద్ రేటు ఇచ్చాం, ఆరు రోజులు నేర్పాం. కానీ మాట చెల్లే స్థానం ఇవ్వలేదు. 2022లో "నేను డ్రైవర్ని కదా" అన్నదానికీ దీనికీ తేడా ఎంత? మర్నాటి నుంచి కాల్‌షీట్ మీద స్థానిక లొకేషన్ ఇన్‌ఛార్జ్ సంతకం లేకుండా యూనిట్ కదలకూడదని పెట్టాను. కో-డైరెక్టర్ మొహం చిట్లించాడు. ఆ సంతకం మిగతా పది రోజుల్లో రెండుసార్లు ఆగింది. ఒకసారి ఒక గొంపాలో (బౌద్ధ మఠంలో) పూజ ఉందని, ఇంకోసారి మేం ఎంచుకున్న దారి మంచు కరిగి జారుతోందని. రెండోసారి దానివల్లే ఒక జనరేటర్ వ్యాను, అందులో ఇద్దరు మనుషులు క్షేమంగా ఉన్నారని నా నమ్మకం.

డైలాగ్ సీన్లన్నీ పొద్దున పదకొండు లోపే పెట్టాం. బూమ్ (మైకు కర్ర) పట్టుకుంది నా పాత డ్రైవరే. ఈసారి డబ్బింగ్‌కి వెళ్లింది రెండే సీన్లు.

సామాన్లు

విమానంలో 100 వాట్-అవర్ దాటిన లిథియం బ్యాటరీకి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు. చలికి బ్యాటరీ సగం సమయానికే దిగిపోతుంది కాబట్టి ఇక్కడికంటే రెట్టింపు కావాలి. జెనరేటర్ కూడా ఎత్తు పెరిగేకొద్దీ నీరసిస్తుంది. కాబట్టి లద్దాఖ్ వెళ్లే ప్రతి యూనిట్ బ్యాటరీలు, లైట్లు రోడ్డు మీద మోయించి, మళ్లీ రోడ్డు మీద దింపుతుంది. శ్రీనగర్ దారిలోని జోజీ లా కనుమ మూసేస్తే అది కూడా కుదరదు. రానూపోనూ రవాణా, దారిలో కాపలా మనిషి, విరిగినవాటి ఖర్చు అన్నీ కలిపితే చిన్న ఎల్‌ఈడీ లైట్ల విషయంలో అద్దె కంటే కొనడమే చవక.

అందుకే కొన్నాం. కెమెరాకి తగిలించే డజను వీ-మౌంట్ బ్యాటరీలు, నాలుగు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, స్టాండ్లు, రెండు వాకీటాకీ సెట్లు, ఒక డేటా కాపీ చేసే సెటప్. షెడ్యూల్ అయ్యాక కిందికి తేలేదు. ఎనిమిది మంది కుర్రాళ్లు, ఇద్దరు అమ్మాయిలు కలిసి పెట్టుకున్న ఒక చిన్న గ్రూపుకి సెకండ్ హ్యాండ్ ధరకి వాయిదాల మీద ఇచ్చాం. నిర్మాతకి ఇది దానం కాదని నచ్చచెప్పడానికి నాకు ఒక పేజీ లెక్క సరిపోయింది. దింపే రవాణా మిగిలింది, ధరలో సగానికి పైగా వెనక్కి వచ్చింది. ఆ వేసవిలోనే ఒక యాడ్ యూనిట్ వాళ్ల దగ్గర అద్దెకి తీసుకుంది.

ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికంటే తృప్తి ఇచ్చింది ఈ బోరింగ్ పేజీనే. శిక్షణ శిబిరాలు, ఫెస్టివళ్లు ఫోటోలకి బాగుంటాయి. కానీ ఊళ్లో ఒక గదిలో చార్జ్ అయిన బ్యాటరీలు ఉన్నాయంటే, రేపు ఎవరైనా ఫోన్ చేస్తే పని మొదలుపెట్టొచ్చు.

చెత్త, గోడ

2021లో కార్గిల్ వైపు వాఖా గ్రామంలో ఒక పెద్ద షూటింగ్ అయ్యాక నీళ్ల సీసాలు, చెత్త పడి ఉన్న వీడియో ఒకటి తిరిగింది. యూనిట్ వాళ్లు తాము శుభ్రం చేసే వెళ్లామన్నారు. ఎవరిది నిజమైనా, ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా గోబా మొదట అడిగే ప్రశ్న అదే. లేహ్ పక్కనున్న షే ఊరి దగ్గర డ్రక్ వైట్ లోటస్ స్కూల్‌ది ఇంకో కథ. త్రీ ఇడియట్స్‌లో కనిపించిన గోడ కోసం పర్యాటకులు ఎగబడి పిల్లల చదువు చెడగొడుతుంటే 2018లో స్కూలు వాళ్లు ఆ గోడకి సున్నం కొట్టేశారు. సినిమా వచ్చి తొమ్మిదేళ్లకి. లొకేషన్ ఫీజు కట్టేసి మేం వెళ్లిపోతాం, మా షాట్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే రెండో షెడ్యూల్లో ఆ ఊరి పేరు సిరీస్‌లో గానీ పబ్లిసిటీలో గానీ వాడలేదు. గోబా అడిగిన షరతు అది. ఇక్కడా అందుకే రాయడం లేదు. నీళ్ల సీసాల బదులు పెద్ద క్యాన్లు, మనిషికో స్టీలు గ్లాసు పెట్టాం. మన లైట్‌మెన్ మొదట గునిశారు, తర్వాత అలవాటైంది.

మేం చెడగొట్టింది

ఇది కూడా రాయకపోతే కేసు స్టడీ అనకూడదు. షెడ్యూల్ చివరి రోజు ఇవ్వాల్సిన కూలి బ్యాలెన్స్ 43 రోజులు ఆలస్యమైంది. మాకు డబ్బులిచ్చే కంపెనీ విడత ఆపింది. హైదరాబాద్‌లో ఇది మామూలే, అందరం తిట్టుకుంటూ సర్దుకుంటాం. లేహ్‌లో ఇద్దరు కుర్రాళ్లు మే నెలలో టాక్సీ వాయిదా కట్టలేక ఇబ్బంది పడ్డారు. వాళ్ల ఇళ్లల్లో "సినిమావాళ్లని నమ్మకు" అన్న మాట బలపడింది. ఇద్దరూ మళ్లీ ఈ పనికి రాలేదు. వాళ్లకి నేను ఫోన్ చేస్తే ఎత్తుతారు, జూలే (నమస్తే) అంటారు, మర్యాదగా మాట్లాడి పెట్టేస్తారు. ఆరు రోజుల శిక్షణ కట్టిందాన్ని 43 రోజుల బకాయి కూల్చేసింది. ఇప్పుడు నేను కుదుర్చుకునే ఏ ఔట్‌డోర్‌లోనైనా స్థానిక కూలీల మొత్తం ముందే విడి ఖాతాలో పడాలి.

రెండో తప్పు: 22 మందిలో అమ్మాయిలు నలుగురే. కాస్ట్యూమ్స్, మేకప్‌లోనే పెట్టాం. అడిగితే ఎడిటింగ్ నేర్చుకుంటామన్నవాళ్లు ఇద్దరు ఉన్నారు. మేం అడగలేదు.

2025 చివరికి ఆ 22 మందిలో ఈ పని మీద సంపాదిస్తున్నవాళ్లు తొమ్మిది మంది. ఇద్దరు ముంబై వెళ్లారు. దాన్ని నష్టం అనేవాళ్లున్నారు, నేను అనను. మన వాళ్లు ఎంతమంది మద్రాసులో నేర్చుకుని వచ్చారు? అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో తెరిచాక కూడా చాలాకాలం నెగటివ్ ప్రాసెసింగ్‌కి మద్రాసు పరిగెత్తేవాళ్లమని మా పాత మేనేజర్లు చెప్పేవాళ్లు. స్టూడియో కట్టడం ఒక రోజు పండగ. టెక్నీషియన్ల కుటుంబాలు కాపురం పెట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది.

వేరే ఉత్తరాది ప్రాంతాలు

ఇలాంటి ప్రాంతాలు ఇంకా ఉన్నాయి. ఐస్‌లాండ్ బయటి యూనిట్లకి ఖర్చులో నాలుగోవంతు వెనక్కి ఇచ్చేది, 2022 నుంచి పెద్ద ప్రాజెక్టులకి 35 శాతం చేసింది. కెనడాలో ఉత్తర ఒంటారియో వాళ్లు సడ్‌బరీ, నార్త్ బే వైపు వచ్చే సినిమాలకి సాయం ఇస్తారు గానీ, ఆ డబ్బు ఉత్తరాదిలోనే ఖర్చు కావాలన్న మెలిక పెడతారు. నాకు ఆ మెలిక నచ్చింది. లద్దాఖ్‌కి రాయితీ ఇస్తే మొత్తం ఖర్చు మీద కాకుండా స్థానిక క్రాఫ్ట్ కూలి మీద ఇవ్వాలి. గదులకి, బండ్లకి రాయితీ అక్కర్లేదు. ఆ డబ్బు ఎలాగూ పెట్టక తప్పదు.

కెనడా ఇంకా పైన, ఆర్కిటిక్‌లో, ఇగ్లూలిక్ అనే ఊళ్లో ఇన్యుట్ జనం 1990లో ఇసుమా అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. తమ భాషలో, తమ ముసలివాళ్లు కుట్టిన చర్మపు దుస్తులతో సినిమా తీస్తే 2001లో కాన్స్‌లో తొలి చిత్రానికి ఇచ్చే కెమెరా ద'ఓర్ అవార్డు వచ్చింది. లేహ్‌లో ఫిబ్రవరి రాత్రుల్లో ఆ సంగతి చెబితే కుర్రాళ్లు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రేడియో పెద్దాయన అడిగాడు: "ఇగ్లూలిక్‌కి దారి ఎన్ని నెలలు మూసి ఉంటుంది?" అక్కడికి అసలు రోడ్డే లేదు, విమానమో పడవో అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అయితే మనకి నయం" అన్నాడు.

ఈ కేసుకి ఇంకా ముగింపు రాలేదు. ఈ మధ్య మూడో షెడ్యూల్ మాట వచ్చింది. నా పాత డ్రైవర్ని సౌండ్ రికార్డిస్ట్‌గా కొటేషన్ అడిగాను. రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. హైదరాబాద్ రికార్డిస్ట్ రేటు, బేటా విడిగా, సగం అడ్వాన్స్ యూనిట్ ఫ్లైట్ ఎక్కేలోపు, బ్యాలెన్స్ ప్యాకప్ రోజున. అడుగున ఒక షరతు: డైలాగ్ సీన్లు ఉదయం 11 లోపు. నిర్మాతకి పంపాను. రేటు కొంచెం తగ్గిస్తాడేమో అడగమన్నారు. ఇంకా అడగలేదు.